పేరు పెట్టి ప్రార్థించు, బిడ్డా

సంఘంలో ప్రేమ, సమాధానం కోసం ఒక రాత్రంతా ప్రార్థన పెడదామని నువ్వు అడిగావు. తప్పకుండా పెడదాం. యువజన సమాజం సెక్రటరీవైన కొత్తలోనే ఈ భారం నీ మనసుకు తోచినందుకు నాకెంతో సంతోషంగా ఉంది. పాస్టరేట్ కమిటీ ఎన్నికలైనప్పటి నుంచి మన గుడిలో ఎవరు ఏ పక్క కూర్చుంటున్నారో, ఎవరు ఎవరికి వందనాలు చెప్పడం మానేశారో నువ్వూ చూస్తున్నావు, నేనూ చూస్తున్నాను. కొన్ని కుటుంబాలు ఆదివారం రావడమే మానేసి ఇంట్లో కూటం పెట్టుకుంటున్నాయి. పాస్టరు అయ్యగారు రెండు వైపులా నచ్చజెప్పలేక నలిగిపోతున్నారు. అమ్మగారి మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

అయితే కరపత్రం అచ్చు వేయించే ముందు, మైకు సెట్టువాడికి అడ్వాన్సు ఇచ్చే ముందు, ఈ పెద్దాయన మాట ఒకటి విను. ఆ రాత్రి మనం ఏమని ప్రార్థిస్తామో ముందే తేల్చుకోవాలి. మా సంఘంలో ప్రేమ నింపు తండ్రీ, సమాధానం దయచేయి తండ్రీ అని అడిగితే అందరూ ఆమెన్ అంటారు. గొడవ పడ్డ ఇద్దరూ అంటారు, పక్కవాళ్ల కన్నా గట్టిగా అంటారు. ఆ మాటల్లో వాళ్లిద్దరికీ తగిలేది ఏమీ లేదు గనుక. ఎవరికి వారు అవతలివాడు మారాలని తలచుకునే ఆమెన్ చెబుతారు. తెల్లవారి ఎవరి బండి వాళ్లు స్టార్టు చేసుకుని వెళ్లిపోతారు. వచ్చే ఆదివారం మళ్లీ ఎవరి పక్క వారిదే.

అందుకని నేను నీకు చెప్పేది ఒక్కటే. పేరు పెట్టి ప్రార్థించు. ఎవరి పేరు పెట్టావో, ప్రార్థన అయ్యాక వాళ్లింటికి నడువు.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన పత్రిక చివరి అధ్యాయం ఒకసారి తీసి చదువు. యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలు. ఇద్దరికీ పడడం లేదు. ఆ పత్రికను సంఘమంతా కూర్చుని ఉండగా పైకి చదువుతారని పౌలుకు తెలుసు. తెలిసీ ఇద్దరి పేర్లూ రాశాడు. ఒకామెను మందలించి ఒకామెను వెనకేసుకు రాలేదు. ఇద్దరినీ విడివిడిగా బతిమాలాడు. తగాదా దేని గురించో, తప్పెవరిదో ఒక్క ముక్క రాయలేదు. సువార్త పనిలో తనతోపాటు పాటుపడిన వాళ్లని మాత్రం మరవకుండా రాశాడు. ఆ ఊళ్లో ఉన్న ఒక తోటి పనివాణ్ని, వాళ్లకు సాయం చెయ్యమని వేడుకున్నాడు. ఆ తోటి పనివాడి పేరు మనకు తెలియదు. ఇవాళ మన సంఘంలో ఆ పని నీదనుకో.

పేరు పెట్టడమంటే ఎలా పెట్టాలో కూడా చెబుతాను. అందరి ముందు మోకరించి, దేవుడితో మాట్లాడుతున్నట్టే ఉండి, నాలుగు వరసల అవతల కూర్చున్నవాడికి తగిలేటట్టు ప్రార్థించేవాళ్లను నువ్వు విని ఉంటావు. గర్విష్ఠులను అణచు ప్రభువా, లెక్కలు తారుమారు చేసేవాళ్లను బయటపెట్టు ప్రభువా అని సాగుతుంది ఆ ప్రార్థన. పేరు చెప్పకపోయినా గుడిలో ఉన్న పసిపిల్లలకు కూడా అది ఎవరి గురించో తెలుస్తుంది. అది ప్రార్థన కాదు, తిట్టు. దేవుని సన్నిధిని అడ్డం పెట్టుకుని తిట్టిన తిట్టు గనుక ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. మన విజ్ఞాపన ప్రార్థనల్లోకి ఇది చాలా చోట్ల జొరబడింది. యువజన సమాజంలో మాత్రం రానీయకు. ఎవరైనా అలా మొదలుపెడితే తర్వాత పక్కకు పిలిచి మెల్లగా చెప్పు.

అవతలివాడి పేరు నీ గదిలో, తలుపేసుకుని, దేవుడి ముందు పెట్టు. వాడిని మార్చమని మాత్రం అడగకు. వాడికి మేలు చెయ్యమని అడుగు. ఆయన కూతురు ఎప్‌సెట్ రాసింది, మంచి ర్యాంకు రావాలని అడుగు. వాళ్లమ్మను ఎంజీఎం ఆస్పత్రిలో చేర్చారట, ఆమె లేచి నడవాలని అడుగు. వాళ్ల చేను ఎండిపోకూడదని, వాళ్ల అప్పు తీరాలని అడుగు. ఇలా అడగాలంటే వాళ్లింట్లో ఏం జరుగుతోందో నీకు తెలియాలి. తెలియకపోతే తెలుసుకోవాలి. ఒకడి బిడ్డ కోసం వారం రోజులు నిజంగా ప్రార్థించినవాడు ఎనిమిదో రోజు వాణ్ని చూసి మొహం తిప్పుకోలేడు. నా వయసులో నేను నమ్మకంగా చెప్పగలిగినవి కొన్నే మిగిలాయి, ఇది వాటిలో ఒకటి.

మన ప్రాంతంలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. వరంగల్లులో రైలెక్కితే ఎంతో దూరం కాదు, డోర్నకల్. అప్పట్లో అది మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. జంక్షన్ దాటాక కనబడే ఎపిఫనీ కెథడ్రల్‌ను నువ్వు చూసే ఉంటావు. గుమ్మటాలు, మినార్లు మసీదుల తీరు, లోపలి స్తంభాలు హిందూ దేవాలయాల తీరు. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠ చేశారు. కట్టించినాయన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి వైపు వెల్లాళన్‌విళైలో 1874లో పుట్టిన తమిళుడు. 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్‌కు వచ్చి, మన భాష నేర్చుకుని, మన గూడేల్లో తిరిగి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు.

బిషప్ కావడానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే, పెద్ద పెద్ద మిషన్ల అధిపతులు. ముప్పై అయిదేళ్ల అజరయ్య లేచి వాళ్ల ముందు ఒక మాట చెప్పాడు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ఒళ్లు అరగదీసుకున్నారు, మీ త్యాగం మా సంఘం ఎప్పటికీ మరవదు, మేమింకా అడుగుతున్నది ప్రేమ, మాకు స్నేహితులు కావాలి అన్నది ఆ మాటల సారం. సభలో కొందరికి అది మింగుడు పడలేదు. ఆ రోజుల్లో ఒక తెల్ల మిషనరీ, ఒక నల్ల ఉపదేశకుడు ఒకే పనిలో ఉన్నా ఒక బల్ల దగ్గర కూర్చుని తినని చోట్లు చాలా ఉండేవి. అజరయ్య ఆ సంగతిని దాచలేదు, కోపంతోనూ చెప్పలేదు. ప్రేమ లేదని ప్రేమతో చెప్పడం ఆయనకు చేతనయింది. కమిటీ మీటింగులో నోరు తెరిచే ముందు ఆయనను ఒకసారి తలచుకో.

అక్కడితో ఆగలేదు. మన పల్లెల్లో ఒక సంగతి ఆయనను బాధపెట్టింది. పడమటి దేశాల్లో ఎప్పుడో జరిగిన తగాదాలకు ఇక్కడి మన ప్రజలు వారసులయ్యారు. ఇంగ్లండు రాజుల కాలం నాటి గొడవ తాలూకు గోడ మన గూడెంలో రెండు ఇళ్ల మధ్య నిలబడింది. ఒకరు ఆంగ్లికన్, ఒకరు మెథడిస్టు. బువ్వ ఒకటే, యాస ఒకటే, బాధ ఒకటే, ప్రభువు ఒక్కడే, బల్ల మాత్రం వేరు. 1919 మే నెల మొదట్లో తరంగంబాడిలో వివిధ సంఘాల గురువులు ముప్పై ముగ్గురు కూడారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య అధ్యక్షత వహించాడు. కలిసి ప్రార్థించి, మనం ఒకటి కావాలని పిలుపు రాశారు. 1927లో లొజాన్‌లో జరిగిన అంతర్జాతీయ సభలోనూ అజరయ్య ఇదే చెప్పాడు. ఈ చీలికలు మీకు బలహీనత కావచ్చు, మాకు మాత్రం పాపం, అవమానం అని.

తరంగంబాడి నుంచి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా? ఇరవై ఎనిమిదేళ్లు. బిషప్పుల అధికారం గురించి, ఒకరి గురువును మరొకరు ఒప్పుకోవడం గురించి, ప్రభు బల్ల ఎవరు ఇవ్వాలన్నదాని గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. మాట తెగినప్పుడల్లా ప్రార్థించి మళ్లీ కూర్చున్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నెలన్నర కూడా నిండలేదు. ఉత్తరాన దేశ విభజన నెత్తురు పారుతోంది. మన వరంగల్లు ఇంకా నిజాం ఏలుబడిలోనే, రజాకార్ల భయంలో ఉంది. మనుషులు విడిపోతున్న ఆ నెలల్లోనే వీళ్లు కలిశారు.

అజరయ్య మాత్రం ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. కలిసిన రోజున కూడా అందరూ రాలేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు బయటే ఆగిపోయాయి. నంద్యాల దక్షిణ ఇండియా సంఘంలోకి వచ్చేసరికి 1975 అయింది, అంటే ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు. అప్పుడూ కొందరు రాలేదు. ఇవన్నీ నీకెందుకు చెబుతున్నానంటే, ఒక్క రాత్రి ప్రార్థనతో మన సంఘం కుదుటపడకపోతే నువ్వు నీరసపడిపోతావేమోనని నా భయం. ఆ ఇరవై ఎనిమిదేళ్లు వాళ్లు ఆకాశం వైపు చూస్తూ ఊరికే కూర్చోలేదు. ఒకరి ఊరికి ఒకరు వెళ్లారు, ఒకరి మాట ఒకరు విన్నారు, కాగితాలు రాశారు, కొట్టేసి మళ్లీ రాశారు.

ఆ కలయిక నుంచి మనకు దక్కిన ఒక మంచి ఆచారం ఉంది. దాన్ని మనం చేజేతులా పాడు చేసుకుంటున్నాం. 1950లో దక్షిణ ఇండియా సంఘం తన ప్రభు భోజన ఆరాధనా క్రమాన్ని సిద్ధం చేసుకున్నప్పుడు, కానుకకు ముందు సమాధానం ఇచ్చుకోవడాన్ని అందులో చేర్చింది. ఇచ్చేవాడి కుడి అరచేయి పుచ్చుకునేవాడి కుడి అరచేతికి ఆనుతుంది, ఇద్దరి ఎడమ చేతులు వాటిని మూస్తాయి. కేరళలోని సిరియన్ క్రైస్తవుల దగ్గర తరతరాలుగా ఉన్న పద్ధతి అది. తర్వాతి దశాబ్దాల్లో పడమటి దేశాల సంఘాలు ఎన్నో సమాధానం ఇచ్చుకోవడాన్ని తమ ఆరాధనల్లో మళ్లీ మొదలుపెట్టాయి. వాటికి దారి చూపినవాటిలో మన దక్షిణ ఇండియా క్రమం ఒకటి. మరి ఇక్కడ మనం ఏం చేస్తున్నాం? పక్కన కూర్చున్న బామ్మర్దికి చెయ్యిచ్చి, వెనక ఉన్న మేనమామకు చెయ్యిచ్చి కూర్చుంటున్నాం. నడవ దాటి అవతలి వరసలోకి ఎవరూ పోవడం లేదు. ఆదివారాలు గడిచిపోతున్నాయి, ఆ నడవ మాత్రం ఎవరూ దాటని వాగులా మన మధ్య ఉండిపోయింది. ముందు నువ్వు దాటు. నువ్వు కుర్రవాడివి, నిన్ను చూసి ఎవరూ ఇది రాజకీయం అనుకోరు.

నా చిన్నతనంలో మా ఊరి గుడిలో ప్రభు బల్ల ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూటం ఉండేది. దానికి ముందే పెద్దలు ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. ఎవరి మధ్య మాటలు లేవో వాళ్లకు తెలుసు. గడపలో నిలబడి, ఏమయ్యా, రేపు బల్ల దగ్గరికి వస్తవు గదా, నీ తమ్మునితోని మాట్లాడినవా అని అడిగేవాళ్లు. మాట్లాడలేదంటే లోపలికి వచ్చి కూర్చునేవాళ్లు, లేచేవాళ్లు కాదు. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి వెళ్లి సమాధానపడి రమ్మని ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు. ఆ పెద్దలకు చదువు రాదు గానీ ఆ మాటను ఉన్నదున్నట్టు పాటించేవాళ్లు. ఒక్క సంగతి గమనించు. నీకు వాడి మీద కోపం ఉంటే అని ప్రభువు అనలేదు, వాడికి నీ మీద ఉంటే అన్నాడు. తప్పెవరిదని లెక్క చూసుకునేదాకా ఆగే పని లేదు. గుర్తొచ్చినవాడే ముందు కదలాలి.

తప్పు అవతలివాడిదే అయినప్పుడు ఏం చెయ్యాలో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ముందు ఒక్కడివే వెళ్లు, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనం ఈ వరసను తలకిందులు చేశాం. ముందు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. తర్వాత డయాసిస్ ఆఫీసుకు పిటిషన్ రాస్తున్నాం. ఆ తర్వాత వకీలు. ఆ మనిషి ఇంటి గడప మాత్రం తొక్కం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడమంటే ఇదే. మిషనరీలు వదిలి వెళ్లిన స్థలాల మీద, కమిటీ ఎన్నికల మీద మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని సంఘాలు కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయో నీకు తెలుసు. కోర్టుకు ఎక్కినందుకు కొరింథీయులకు సిగ్గు వచ్చేలా పౌలు ఎలా రాశాడో చదువు. ముసలమ్మలు కొంగున ముడేసుకొచ్చి వేసిన కానుక వకీలు ఫీజు కావడం నాకు కడుపు మండే సంగతి.

ఇక్కడ ఇంకో వైపు కూడా నువ్వు చూడాలి. సమాధానం కావాలన్న పేరు మీద నోళ్లు మూయించేవాళ్లు ఉంటారు. లెక్కలు అడిగితే సమాధానం చెడగొడుతున్నావంటారు. అది ఒప్పుకోకు. యెరూషలేములో మొదటి సంఘాన్ని చూడు. రోజూ అన్నం పంచేటప్పుడు తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును పాపమని తోసెయ్యలేదు, ప్రార్థన చేసుకోండి అన్నీ సర్దుకుంటాయని పంపెయ్యలేదు. సంఘాన్నంతా పిలిచి, నమ్మకమైన ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ, స్తెఫను మొదలుకొని, గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల చేతికే గంటె ఇచ్చారని నాకనిపిస్తుంది. ఆ తర్వాతే అపొస్తలులు ప్రార్థించి వాళ్ల మీద చేతులుంచారు. లెక్క సరిచేయడం, ప్రార్థన రెండూ కలిసే జరిగాయి.

కాబట్టి మన రాత్రి ప్రార్థనకు ముందు ట్రెజరర్ గారితో నేను మాట్లాడతాను. కానుకల లెక్క, కిందటి ఏడాది మందిరం రిపేరు లెక్క, రసీదులతో సహా సంఘం ముందు చదివించుదాం. అడిగినవాళ్లకు జవాబు చెబుదాం. సగం అనుమానం అక్కడే తీరిపోతుంది. మిగిలిన సగం కోసం మోకాళ్లూనుదాం.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పనీ. మన సంఘంలో ఏ ఆడబిడ్డయినా ఇంట్లో దెబ్బలు తింటూ నీ దగ్గరకో మీ అక్క దగ్గరకో వచ్చి చెప్పుకుంటే, సమాధానపడి వెళ్లమ్మా అని మాత్రం పంపకండి. ముందు ఆమెను కాపాడాలి. ఆమె భయం లేకుండా కూర్చోగలిగిన చోటు చూసిన తర్వాతే మిగతావి. దెబ్బ కొట్టినవాడు మారకుండా దెబ్బ తిన్నామె చేత క్షమించానని అనిపించడం ప్రభువు నేర్పిన సమాధానం కాదు.

మనలో ఉన్న పాత గాయం గురించి కూడా తడమకుండా వదలలేను. ఊళ్లల్లో మాలపల్లెకొక గుడి, మాదిగ గూడేనికొక గుడి ఇప్పటికీ ఉన్నాయి. పట్నం వచ్చాక గుడి ఒకటే అయినా కమిటీ ఎన్నికల్లో ఓట్లు అటు ఇటు చీలుతున్నది ఆ గీత మీదే. మన గొడవ కూడా లెక్కల గొడవలా మొదలైంది గానీ, దాని కింద ఉన్నది అదే. పైకి ఎవరూ అనరు. మీ పెద్దలం మేం అనకుండా గడిపిన మాటే ఇది. మీ తరం దీన్ని ప్రార్థనలో పైకి అనాలి. గుడి బయట ఊరు మనందరినీ ఒకటే దూరంలో నిలబెట్టిన రోజులు నాకు తెలుసు. అలాంటి మనం ఒక పాత్రలోంచి తాగి, ఒక రొట్టె విరిచి, బయటకొచ్చి మళ్లీ ఎవరి పిల్లను ఎవరికిచ్చారని లెక్క చూసుకుంటే, ఆ బల్లను అవమానపరిచినట్టే. ఈ సంగతి మాత్రం ఎవరినీ వేలెత్తి చూపకుండా, మనమందరం అనే మాటతోనే దేవుని ముందు పెట్టు.

ప్రార్థన వల్ల ఏమవుతుందని అడిగేవాళ్లు నీ ఈడువాళ్లలో ఉంటారు. వాళ్లకు ఒంగోలు ప్రార్థన కొండ కథ చెప్పు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య, వాళ్లతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలు ప్రాంతం కోసం ప్రార్థించారు. పిడికెడు మంది కూడా లేరు. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో ఆలోచిస్తున్న రోజులవి. పన్నెండేళ్ల తర్వాత జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1876 నుంచి 78 దాకా కరువు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మరుసటి ఏడే, 1879లో, అదే మిషన్ మన హనుమకొండలో అడుగుపెట్టింది. ఇక్కడి బాప్టిస్టు సంఘాల వేరు అక్కడుంది. ఆ కథలో అంకె చూసి మురిసిపోవద్దు. కొండ మీద మోకరించినవాళ్ల పని చివరికి కాలువ గట్టు మీద కూలివాళ్ల మధ్యకు దిగి వచ్చింది. అది చూడు.

బాప్టిస్టులంటే గుర్తొచ్చింది. మన ఊళ్లో ఫాతిమానగర్‌లో కతోలికుల కెథడ్రల్ ఉంది, హనుమకొండలో బాప్టిస్టులున్నారు, కరుణాపురంలో వేలమంది పట్టే మందిరం లేచింది, వీధివీధికీ పెంతెకొస్తు కూటాలున్నాయి. ఏటా జనవరి 18 నుంచి 25 దాకా ప్రపంచంలో చాలా చోట్ల క్రైస్తవుల ఐక్యత కోసం ప్రార్థన వారం జరుగుతుంది. 1908లో మొదలైన ఆచారం అది. మార్చి మొదటి శుక్రవారం స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం. మన స్త్రీల సమాజం వాళ్లు ఆ రోజు వేరే సంఘాల అక్కాచెల్లెళ్లతో కూర్చుంటారు. మగవాళ్లం మనం అంతపాటి కూడా చెయ్యడం లేదు. ముందు మన ఇంటి సంగతి చూసుకున్నాక, వచ్చే జనవరిలో యువజన సమాజం తరఫున వాళ్లందరి దగ్గరికీ వెళ్లి పిలిచి రా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.

రాత్రి ప్రార్థన ఎలా జరగాలో నా ఆలోచన చెబుతాను, నీకు నచ్చితేనే చెయ్యి. మైకు వద్దు. బయటి నుంచి ప్రసంగీకుణ్ని పిలవొద్దు. ప్రసంగాలకు మనకు కొరత లేదు. ఇంట్లో కూటం పెట్టుకుంటున్న కుటుంబాలను మర్చిపోవద్దు. కరపత్రం పంపి ఊరుకోకుండా నువ్వే వెళ్లి పిలువు. రామంటే బాధపడకు, మేం మీ పిల్లల కోసం ప్రార్థిస్తున్నామని చెప్పి రా. వాళ్లింట్లో టీ ఇస్తే తాగు. గుడిలో అటు పక్కవాణ్ని, ఇటు పక్కవాణ్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టు. ఒకరి ఇంటి కష్టం ఒకరు అడిగి తెలుసుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలి, ఇంతే. గొడవ ఊసు ఎత్తొద్దు. మొదట పది నిమిషాలు ఎవరికీ నోరు పెగలదు. పెగలకపోయినా లేవనీయకు. ముసలమ్మలను ముందు కూర్చోబెట్టు. వాళ్లకు ఇది వచ్చు. మన సంఘంలో ఏ మగవాడి కన్నా కూడా వాళ్లే ఎక్కువమంది పేర్లు తలచుకుని రోజూ ప్రార్థిస్తున్నారు.

అస్సీసీ ఫ్రాన్సిస్ పేరుతో తిరిగే సమాధాన ప్రార్థన ఒకటి నువ్వు విని ఉంటావు, మన స్కూళ్లలో కూడా చెప్పిస్తారు. నిజానికి అది ఆయన రాసింది కాదు. 1912 డిసెంబరులో పారిస్‌లోని ఒక చిన్న పత్రికలో, రాసినవారి పేరు లేకుండా మొదటిసారి అచ్చయింది. అజరయ్య బిషప్ అయిన నెల అదే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి అది దేశదేశాలకూ పాకింది. ఆ ప్రార్థన చేసినవాడు అవతలివాళ్లను మార్చమని ఎక్కడా అడగలేదు, తననే వాడుకోమన్నాడు. ఆ రాత్రికి నువ్వు ప్రార్థన ఎంచుకుంటే అలాంటిది ఎంచుకో.

ఇక నీ సంగతి. పోయిన నెల మీటింగులో నిన్ను చిన్నపిల్లాడివి కూర్చోమని గద్దించినాయన మీద నీకు ఇంకా కోపం పోలేదు. నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఆయన అలా అనకుండా ఉండాల్సింది, అది నిజం. కానీ నీకు పేరు పెట్టి ప్రార్థించాల్సిన మొదటి మనిషి ఆయనే. ఆయన పెద్దకొడుకు గల్ఫ్‌లో ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. నీకు తెలియదేమో, ఆ ఇంట్లో ఇప్పుడు చాలా బాధగా ఉంది.

వచ్చే ఆదివారం ప్రభు బల్ల ఉంది. ఇవాళ మంగళవారం. శనివారం సాయంత్రంలోపు సుబేదారిలో వాళ్లింటికి పోయి రా, బిడ్డా. ఒక్కడివే పో. తోడు కావాలనిపిస్తే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.